బడి కమిటీకి మనవాళ్లు నిలబడాలి



మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా పోటీ పరీక్షలు, ఉపకార వేతనాలు, ఉద్యోగ నోటిఫికేషన్ల గురించి వ్యాసాలు వస్తుంటాయి. అవి కావలసినవే. ఈసారి మాత్రం మేము ఒక చిన్న ఎన్నిక గురించి రాయదలచుకున్నాము. దానికి డిపాజిట్ లేదు, పార్టీ గుర్తు లేదు, చదువు అర్హత లేదు. అదే పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నిక. ఊళ్లలో ఇప్పటికీ చాలామంది విద్యా కమిటీ అనే అంటారు.

సర్పంచ్ ఎన్నిక వస్తే ఊరంతా కదులుతుంది. బడి కమిటీ ఎన్నిక ఎప్పుడు జరిగిందో కూడా చాలా ఇళ్లలో తెలియదు. మన తమ్ముడికి పాఠం చెప్పే సార్ వేళకు వస్తున్నారా, చెల్లెలికి బడిలో మరుగుదొడ్డి ఉందా, మధ్యాహ్నం అన్నం ఉడికిందా అని అడిగే అధికారం చట్టప్రకారం ఈ కమిటీకే ఉంది. మన వాడల పిల్లల్లో ఎక్కువ మంది చదివేది ఆ బళ్లలోనే కాబట్టి ఈ విషయం మనకు ఎవరికన్నా ఎక్కువగా తెలియాలి. మా ఇంట్లో మొదటి డిగ్రీ పట్టా మాదే. ఆ పట్టాకు పునాది పడింది రెండు గదుల ప్రాథమిక పాఠశాలలో. అందుకే ఈ నాలుగు మాటలు.

కమిటీ ఎలా పుట్టింది?

బడిని నడిపే సంఘానికి ప్రజలే సభ్యులను ఎన్నుకోవడం పాత ఆలోచనే. ఇంగ్లండ్‌లో 1870 నాటి విద్యా చట్టం స్కూలు బోర్డులను ఏర్పాటు చేసింది. అప్పటికి అక్కడి ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. అయినా స్కూలు బోర్డుకు ఓటు వేయడానికీ, పోటీ చేయడానికీ చట్టం అవకాశమిచ్చింది. ఆ ఏడాదే లండన్ బోర్డుకు ఎలిజబెత్ గారెట్ అనే డాక్టరు, ఎమిలీ డేవీస్ అనే విద్యావేత్త ఎన్నికయ్యారు. అమెరికాలో నేటికీ దాదాపు 13 వేల స్కూలు డిస్ట్రిక్టులు ఉన్నాయి. ఎక్కువ చోట్ల బోర్డు సభ్యులను స్థానిక ఓటర్లే ఎన్నుకుంటారు. బడ్జెట్ ఆమోదించడం, పై అధికారిని నియమించడం ఆ బోర్డుల పని.

మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ఒక చట్టం వచ్చింది. విద్యా కమిటీ అన్న మాట ఊరికి అలవాటైంది ఆ రోజుల్లోనే. తరువాత 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 21ఎ అధికరణం చేరి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అయింది. దాన్ని అమలు చేయడానికి 2009లో విద్యా హక్కు చట్టం చేశారు. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టంలోని 21వ సెక్షనే మన కమిటీకి ఆధారం. ప్రభుత్వ, స్థానిక సంస్థల బళ్లన్నిటికీ ఈ కమిటీ ఉండాలి. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బళ్లకు ఇది వర్తించదు.

సభ్యులు ఎవరు?

చట్టం రెండు ముఖ్యమైన మాటలు చెప్పింది. కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో అయి ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. అననుకూల పరిస్థితుల్లో ఉన్న వర్గాలకు, బలహీన వర్గాలకు వారి పిల్లల సంఖ్యను బట్టి ప్రాతినిధ్యం ఇవ్వాలి.

ఉమ్మడి రాష్ట్రంలో చేసిన నిబంధనలు దీన్ని ఇంకా వివరంగా చెప్పాయి. ప్రతి తరగతి నుంచి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకోవాలి. ఆ ముగ్గురిలో ఒకరు అననుకూల పరిస్థితుల్లో ఉన్న వర్గం నుంచి రావాలి. ఎస్సీలు, ఎస్టీలు, అనాథలు, వలస వచ్చిన పిల్లలు, వీధి బాలలు, ప్రత్యేక అవసరాలు గల పిల్లలు, హెచ్ఐవీ బాధిత పిల్లలు ఈ వర్గం కిందికి వస్తారు. ఇంకొకరు బలహీన వర్గం నుంచి రావాలి. బీసీలు, మైనారిటీలు, ఏడాదికి రూ.60,000 మించని ఆదాయం గల ఓసీలు ఇందులో ఉంటారు. ముగ్గురిలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి. ఒక తరగతిలో పిల్లలు ఆరుగురి కంటే తక్కువగా ఉంటే దాన్ని తరువాతి తరగతితో కలుపుతారు.

లెక్క వేసి చూడండి. అయిదు తరగతుల ప్రాథమిక పాఠశాలకు 15 మంది ఎన్నికైన సభ్యులు. అందులో కనీసం 10 మంది ఆడవాళ్లు. కనీసం అయిదుగురు ఎస్సీ, ఎస్టీ తదితర వర్గాల వాళ్లు. ఊరిలో ఇంకే సంఘంలోనూ మన అమ్మలకు ఇన్ని కుర్చీలు లేవు.

వీరు కాక పదవి రీత్యా వచ్చే సభ్యులు ఉంటారు. ప్రధానోపాధ్యాయులు సభ్య కన్వీనర్. ఇంకొక ఉపాధ్యాయుడు, ఆ వార్డు సభ్యుడు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త, మహిళా సంఘం అధ్యక్షురాలు కూడా కూర్చుంటారు. వీరికి తోడు ఇద్దరిని కమిటీయే చేర్చుకోవచ్చు. ఛైర్మన్‌ను, వైస్ ఛైర్మన్‌ను ఎన్నికైన తల్లిదండ్రులే తమలో నుంచి ఎన్నుకుంటారు. ఈ ఇద్దరిలో కనీసం ఒకరు స్త్రీ కావాలి, కనీసం ఒకరు పైన చెప్పిన వర్గాల నుంచి ఉండాలి. పదవీకాలం రెండేళ్లు. గడువు దాటినా ఎన్నిక జరపకుండా పాత కమిటీనే కొనసాగించిన సందర్భాలూ ఉన్నాయి.

ఎన్నిక ఎలా జరుగుతుంది?

ప్రభుత్వం తేదీ ప్రకటిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతటా ఒకే రోజు ఈ ఎన్నికలు జరిగాయి. ముందుగా ప్రధానోపాధ్యాయులు నోటీసు ఇస్తారు. తరగతుల వారీగా తల్లిదండ్రుల పేర్లతో ఓటర్ల జాబితా నోటీసు బోర్డు మీద పెడతారు. పేరు లేకపోతే, తప్పు పడితే గడువు లోపల చెప్పి సరిచేయించుకోవాలి. ఎన్నిక రోజు తల్లిదండ్రుల్లో సగం మంది హాజరు కావాలి. దీన్నే కోరం అంటారు. సాధారణంగా చేతులెత్తే పద్ధతిలోనే సభ్యులను ఎన్నుకుంటారు.

తెలంగాణ మిత్రులు ఒక తేడా గమనించాలి. అక్కడ 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. వీటికి మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు అధ్యక్షత వహిస్తారు. మరమ్మతులు, తాగునీరు వంటి పనులు ఈ కమిటీల ద్వారా చేయించారు. ఈ కమిటీ వేరు, విద్యా హక్కు చట్టం కింద తల్లిదండ్రులు ఎన్నుకునే కమిటీ వేరు. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని మరచిపోకూడదు.

కాగితం మీద ఒకటి, ఊరిలో ఒకటి

నిబంధనలు చదివితే అంతా సవ్యంగానే ఉంటుంది. ఊరిలో జరిగే తీరు వేరుగా ఉంటుంది. ఎన్నిక రోజు కూలికి పోకపోతే ఇల్లు గడవదు. నోటీసు చదవడం రాదు. పెద్దలు ముందు రోజు రాత్రే ఎక్కడో కూర్చుని పేర్లు రాసేస్తారు. తెల్లారాక రిజిస్టర్ ఇంటికి వస్తుంది, వేలిముద్ర వేయించుకుపోతుంది. ఏకగ్రీవం అని రాసుకుంటారు. మనలో ఎంతమంది అమ్మలు తాము సభ్యులమన్న సంగతి కూడా తెలియకుండా రెండేళ్లు సభ్యులుగా ఉన్నారో!

మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాము. 2024లో మా అక్క కొడుకు రెండో తరగతి. బడిలో మొత్తం 62 మంది పిల్లలు. ఆగస్టు నెల, నాట్ల రోజులు. పిల్లవాడు తెచ్చిన నోటీసును ఫోనులో మాకు చదివి వినిపించాడు. అక్కకు సంతకం ఒక్కటే వచ్చు. "నేనెందుకురా, అక్కడ పెద్దోళ్లు ఉంటారు" అంది. "పెద్దోళ్ల పిల్లలు ఆ బడిలో లేరక్కా, నీ కొడుకు ఉన్నాడు" అన్నాము. నిబంధనల్లో మూడు ముఖ్యమైన మాటలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పంపాము. పిల్లవాడు రెండు రోజులు వాళ్లమ్మకు చదివి వినిపించాడు.

ఆ రోజు పది గంటలకు బడికి వచ్చింది పదిహేను మందే. కోరం లేదు. అక్క, మరో ఇద్దరు ఆడవాళ్లు చేల గట్ల మీదికి వెళ్లి, "ఒక్క గంట వచ్చి చెయ్యెత్తి పోండి" అని పిలుచుకొచ్చారు. మేస్త్రమ్మ కూడా మడి దిగి వచ్చింది, ఆమె మనవరాలు నాలుగో తరగతి. సగం దాటారు. ఇంతలో ఒక పెద్దమనిషి జేబులోంచి కాగితం తీసి పేర్లు చదవబోయాడు. అక్క లేచి, "సార్, తరగతి వారీగా అడగాలంట కదా, ముందు ఒకటో తరగతి వాళ్లను అడగండి" అంది. ప్రధానోపాధ్యాయులు మంచివారు. "అమ్మ చెప్పింది నిజమే, రూలు అదే" అని తరగతి వారీగా పిలిచారు. రెండో తరగతి నుంచి అక్క గెలిచింది. ఛైర్మన్ పదవి మాత్రం కాగితంలో పేరున్న మనిషికే వెళ్లింది. వైస్ ఛైర్మన్‌గా మా వాడ నుంచే ఇంకొకావిడ ఎన్నికైంది.

మొదటి సమావేశంలో ఆడపిల్లల మరుగుదొడ్డికి కుళాయి లేదని చెప్పారు. నాలుగు, అయిదు తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి పోయి మళ్లీ బడికి రావడం లేదు. అందరూ సరేనన్నారు. రిజిస్టర్ సంతకాలకు వచ్చినప్పుడు అక్క, "ఏం రాశారో చదవండి, విన్నాక చేస్తాను" అంది. అంగన్‌వాడీ కార్యకర్త చదివింది. అందులో గోడలకు రంగుల మాట ఉంది, కుళాయి మాట లేదు. అక్కడికక్కడే తీర్మానం చేర్పించారు. నెల తిరిగేసరికి కుళాయి వచ్చింది. ఇది పత్రికల్లో వచ్చే వార్త కాదు. అయితే అయిదుగురు ఆడపిల్లలు ఇప్పుడు సాయంత్రం దాకా బడిలో ఉంటున్నారు.

ఎన్నికైన వాళ్లు చేయవలసిన పనులు

మొదటిది, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం దీన్ని కమిటీయే తయారు చేయాలి. ప్రభుత్వం ఇచ్చే నిధులకు అదే ఆధారం. మూడేళ్లలో ఎంతమంది పిల్లలు చేరతారు, ఎన్ని గదులు కావాలి, ఎంతమంది ఉపాధ్యాయులు కావాలి అన్నది అందులో ఉండాలి.

రెండోది, డబ్బు లెక్క. సమగ్ర శిక్ష కింద ప్రతి బడికి పిల్లల సంఖ్యను బట్టి ఏడాదికి ఒక గ్రాంటు నిర్ణయించారు. 30 మంది వరకు రూ.10,000, 31 నుంచి 100 వరకు రూ.25,000, 101 నుంచి 250 వరకు రూ.50,000, 251 నుంచి 1,000 వరకు రూ.75,000, ఆపైన రూ.1,00,000. ఇందులో కనీసం పది శాతం పరిశుభ్రతకు ఖర్చు చేయాలి. అంటే 62 మంది పిల్లల బడికి రూ.25,000లో రూ.2,500 శుభ్రత కోసమే. ఈ ఒక్క లెక్క తెలిసిన సభ్యురాలిని ఎవరూ మాటలతో మభ్యపెట్టలేరు.

మూడోది, ఉపాధ్యాయుల సంఖ్య. చట్టం షెడ్యూలు ప్రకారం 1 నుంచి 5 తరగతుల బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉపాధ్యాయులు ఉండాలి. పై లెక్క మళ్లీ చూడండి. 62 మంది ఉన్న బడి నుంచి ఇద్దరు పిల్లలు మానేస్తే ఆ షెడ్యూలు ప్రకారం ఒక ఉపాధ్యాయుడు తగ్గుతారు. మిగిలిన 60 మందికీ అది నష్టం. అందుకే బడి మానిన పిల్లవాడి ఇంటికి వెళ్లి మాట్లాడటం కమిటీ పనుల్లో ఒకటిగా పెట్టారు.

నాలుగోది, పని దినాలు, బోధన. ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 రోజులు బడి జరగాలి. ఉపాధ్యాయులు వేళకు రావడం, పాఠ్యాంశాలు పూర్తి చేయడం, తల్లిదండ్రులతో సమావేశాలు పెట్టడం 24వ సెక్షన్ ప్రకారం వారి విధులు. పిల్లలను కొట్టడం, మానసికంగా హింసించడం 17వ సెక్షన్ నిషేధించింది. కులం పేరుతో దూరంగా కూర్చోబెట్టినా, వేరుగా వడ్డించినా ఊరుకోనవసరం లేదు. లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లోగా తేల్చాలని 32వ సెక్షన్ చెబుతుంది. అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు పోవచ్చు.

అయిదోది, మధ్యాహ్న భోజనం. ప్రాథమిక తరగతి పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాడికి 150 గ్రాములు. మొదటివాడికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. రెండోవాడికి 700 కేలరీలు, 20 గ్రాములు అందాలి. జీవితమంతా పదిమందికి అన్నం వండిన మన అమ్మలకు బియ్యం కొలత ఎవరూ నేర్పనక్కర లేదు. వంట గది దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు.

కమిటీకి లేని అధికారాలు

అమెరికా బోర్డులాగా మన కమిటీ ఎవరినీ నియమించలేదు, తీసివేయలేదు. ఉపాధ్యాయుల బదిలీలు, జీతాలు దాని చేతిలో లేవు. బడిని మూయాలా, పక్క ఊరి బడిలో కలపాలా అన్న నిర్ణయం పైనుంచే వస్తుంది. కాని కమిటీ చేసిన తీర్మానం ఒక కాగితం. దాన్ని మండల విద్యాధికారికి, కలెక్టరు గ్రీవెన్సుకు పట్టుకుపోవచ్చు. ఒట్టి మాటగా అడిగితే "చూద్దాంలే" అంటారు. తీర్మానం నకలు ఇచ్చి రసీదు తీసుకుంటే జవాబు చెప్పవలసి వస్తుంది. కాబట్టి ఉన్న కొద్ది అధికారాన్ని పూర్తిగా వాడుకోవడమే తెలివి.

ఇంకొక మాట. ఉపాధ్యాయులను శత్రువులుగా చూడకూడదు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఉపాధ్యాయులకు వేరే బోధనేతర పనులు అప్పగించకూడదని 27వ సెక్షన్ చెప్పింది. సార్లను బడి మాన్పించి వేరే పనులకు తిప్పుతుంటే వారి పక్షాన అడగవలసింది కూడా కమిటీయే. మంచి ఉపాధ్యాయుడికి తల్లిదండ్రుల కమిటీని మించిన అండ లేదు.

హాస్టల్ పిల్లల సంగతి

మన హాస్టల్ పిల్లలు దగ్గరలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళతారు. మన అమ్మానాన్నలు నలభై, యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటారు. అక్కడ ఎన్నిక జరిగే రోజున మన తరఫున చెయ్యెత్తేవాళ్లు ఉండరు. తరగతిలో సగం మంది హాస్టల్ పిల్లలే ఉన్నా కమిటీలో మనవాళ్లు ఒక్కరూ కనిపించరు. హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ బడి తల్లిదండ్రులే. ఊరు వేరైనంత మాత్రాన వారి హక్కు పోదు. ఎన్నిక తేదీ తెలిసిన వెంటనే వార్డెన్ గారిని అడిగి అదే రోజు హాస్టల్‌లో తల్లిదండ్రుల సమావేశం పెట్టించుకుంటే, వచ్చిన బస్సు ఛార్జీకి రెండు పనులూ అవుతాయి. పూర్వ విద్యార్థుల సంఘం దూరం నుంచి వచ్చేవారికి ఆ ఛార్జీ, మధ్యాహ్న భోజనం చూసుకుంటే ఇంకా మేలు.

మనం చేయగలిగినవి

1. ఇంటికి వెళ్లినప్పుడు ఊరి బడి కమిటీ ఛైర్మన్ ఎవరు, సభ్యులు ఎవరు, గడువు ఎప్పుడు ముగుస్తుంది అని అడిగి రాసుకోవాలి.

2. తమ్ముడో, చెల్లెలో, అక్క పిల్లలో ఆ బడిలో ఉంటే ఇంట్లో ఎవరు నిలబడతారో ముందే మాట్లాడుకోవాలి. ఒకే కుర్చీకి మన వాడ నుంచే నలుగురు పోటీపడితే లాభం ఎవరికో చెప్పనక్కర లేదు.

3. నోటీసు, నిబంధనలు అమ్మకు చదివి వినిపించాలి. పెద్ద పెద్ద మాటలు వద్దు. "తరగతికి ముగ్గురు, ఇద్దరు ఆడవాళ్లు, మనవాళ్లు ఒకరు" అంటే చాలు.

4. ఓటర్ల జాబితాలో పేరు చూడాలి. ఎన్నిక రోజు సగం మంది వచ్చేలా ముందు రోజు సాయంత్రం ఇల్లిల్లూ తిరగాలి.

5. రాసింది వినకుండా సంతకం గాని, వేలిముద్ర గాని వేయవద్దని గట్టిగా చెప్పాలి. ఖాళీ పేజీ మీద అసలే వద్దు.

6. తీర్మానాల నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు రాసి పెట్టాలి. ఆ దరఖాస్తు రాయడం మనకు వచ్చిన చదువుతో పది నిమిషాల పని.

మిత్రులారా! ఇంట్లో మొదట చదువుకున్నవారి మీద ఒక బాకీ ఉంటుంది. ఉద్యోగం వచ్చాక తీరుద్దామని అనుకుంటాము. ఉద్యోగం ఎప్పుడొస్తుందో గాని నోటీసు చదివి వినిపించడానికి ఉద్యోగం అక్కరలేదు. ఇన్నాళ్లూ మన అమ్మలు బడి గుమ్మం బయట నిలబడి లోపలికి తొంగిచూశారు. చట్టం వారికి లోపల కుర్చీ వేసింది. చేయి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టే పని మనది. ఈ సంచిక ఇంటికి తీసుకెళ్లి ఈ నాలుగు పేజీలు ఇంట్లో అందరికీ బిగ్గరగా చదివి వినిపిస్తారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాము.